స్విచ్ వేసిన చెయ్యి

ఖాదర్ వలి చెయ్యి ఎట్లా బాగుపడిందో గురజాల చుట్టుపక్కల పది ఊళ్ళలో తెలియని రైతు లేడు. తెలియనివాడు కనిపిస్తే ఆయనే పిలిచి కూర్చోబెట్టి చెప్పేవాడు మరి.

"ఎత్తిపోతల కాడికి పోయా. మడుగులో చెయ్యి కడుక్కుంటన్నా. మొసలొచ్చింది. మామూలు మొసలి కాదబ్బాయ్, ఆర్టీసీ బస్సంత. నా కుడిచెయ్యి మోచేతి దాకా నోట్లో పెట్టుకుంది. నేను కదల్లా. అదీ కదల్లా. ఒకళ్ళ మొహం ఒకళ్ళం చూసుకుంటా పావుగంట. ఆఖరికి దానికే సిగ్గేసింది. చెయ్యి ఊసేసి, 'దీంట్లో రాగి ఎక్కువుంది సాయిబూ, నాకు అరగదు' అని నీళ్ళలోకి పోయింది. ఆ రోజు నుంచి చూడు, వణుకనేది లేదు."

కొత్తవాళ్ళు మొసలి దగ్గర నవ్వేవాళ్ళు. పాతవాళ్ళు ఆయన నోరు తెరవగానే నవ్వేవాళ్ళు. బోరు మోటారు కాలిపోయి, తోట ఎండిపోతోందని ఏడుపు మొహంతో వచ్చిన రైతు కూడా ఆ కొట్టు మెట్టెక్కి కాసేపు కూర్చుంటే పళ్ళు బయటపెట్టాల్సిందే. మాచర్ల రోడ్డులో మోటార్లు కట్టే కొట్లు మరో రెండున్నాయి. అక్కడ పని చేస్తారు, అంతే. ఇక్కడైతే తాను వయసులో ఉండగా కట్టిన ఒక మోటారు రెంటచింతల బోరులో నీళ్ళన్నీ తోడేసి, ఇంకా ఆకలి తీరక, కృష్ణ అడుగునుంచి పోయి నల్గొండ వాళ్ళ బోర్లలో నీళ్ళు కూడా లాగిందనీ, వాళ్ళు బస్సు కట్టుకుని వచ్చి "మీ మోటారుని కాస్త మందలించండి బాబాయ్" అని బతిమాలారనీ వినొచ్చు.

అసలు సంగతేమిటంటే, చెయ్యి బాగుపడలేదు.

మూడేళ్ళ కిందట చూపుడువేలిలో మొదలైన వణుకు మణికట్టు దాకా పాకింది. టీ గ్లాసు చేత్తో పట్టుకోడు. బల్ల మీద పెట్టించుకుని, కోడి నీళ్ళు తాగినట్టు వంగి తాగుతాడు. అడిగితే, "చేత్తో పట్టుకుంటే సగం రుచి చేతికే పోయిద్ది" అంటాడు. బోరులో దించే మోటారుకి తీగని దారంలాగా ఒక్కో రంధ్రంలోంచి దూర్చి, అవతల లాగి, మళ్ళీ ఇవతలికి తేవాలి. ఎక్కడా ఒరుసుకోకూడదు. తీగ మీది తొడుగు గోరంత చిట్లినా వారం తిరక్కుండా మోటారు కాలుతుంది. వణికే చేత్తో అది కాని పని. రెండేళ్ళపాటు ఆయన కట్టిన మోటార్లు వెళ్ళినంత వేగంగా తిరిగొచ్చాయి. కొట్టు మూసే దాకా వచ్చింది. అప్పుడు మొసలి రాలేదు. మనవరాలికి కామెర్లొచ్చాయి.

జెబా అప్పుడు తొమ్మిదో తరగతి. జూలైలో కళ్ళు పచ్చబడ్డాయి. పథ్యం, పడక, మూణ్ణెల్లు బడికి పోవద్దన్నారు. ఇంటికి ముందు గదే కొట్టు. మధ్యలో ఒక పరదా. పడుకుని పడుకుని విసుగెత్తిన పిల్ల పరదా తప్పించుకుని వచ్చి కొట్లో కూర్చునేది. మూలన దాదా కట్టలేక పక్కన పడేసిన కాలిన మోటారు ఒకటి ఉంది. మసి పట్టిన తీగని ఒక్కో చుట్టే ఊడదీస్తూ లెక్కపెట్టడం మొదలుపెట్టింది. ఎవరూ పెట్టమనలేదు.

నాలుగో రోజున అడిగింది. "దాదా, ఒకటో రంధ్రంలో దిగిన తీగ పక్కదాంట్లో తేలకుండా, పోయి పోయి పన్నెండో దాంట్లో ఎందుకు తేలింది?"

"మా ఉస్తాదు అట్టా పెట్టమన్నాడు, పెట్టా."

"ఆయన్ని ఎవురు పెట్టమన్నారు?"

"ఆయన ఉస్తాదు."

"అంటే మీలో ఎవరికీ తెలవదన్నమాట."

డెబ్బై ఏళ్ళలో మొదటిసారి ఖాదర్ వలి దగ్గర కథ లేదు. నవ్వి ఊరుకున్నాడు.

పిల్ల ఊరుకోలేదు. కొట్టు నేల మీద సుద్దముక్కతో గుండ్రాలు గీసి, ఇరవై నాలుగు గీతలు పెట్టి, ఎరుపు, పసుపు, నీలం దారాలు పరిచి చూసేది. వాళ్ళమ్మ ఫోనులో మోటార్లు కట్టే వీడియోలు పెట్టేది. అరవంలో ఉన్నా పెట్టేది, బెంగాలీలో ఉన్నా పెట్టేది. మాటలు అడ్డమొస్తున్నాయని సౌండు తీసేసి చేతులు మాత్రం చూసేది. ట్రాన్స్‌ఫార్మరు ఫ్యూజు వెయ్యడానికొచ్చిన లైన్‌మ్యాన్‌ని నిచ్చెన మీదే నిలబెట్టి మూడు ఫేజులు మూడెందుకయ్యాయో చెప్పేదాకా దిగనివ్వలేదు. ఆయన చెప్పింది చాలక, పక్కింటి పిల్ల దగ్గర పదో తరగతి ఫిజిక్సు పుస్తకం తెచ్చుకుంది. అది అర్థం కావాలంటే లెక్కలు రావాలని తెలిసి, తన లెక్కల పుస్తకం తనే దుమ్ము దులిపింది. ఈ పుస్తకాలు చదవమని బడిలో వీపు మీద కొట్టి చెప్పిన రోజుల్లో ఆ పిల్ల ఆవలింతలు తీసేది. ఇప్పుడు అన్నానికి పిలిచినా పలికేది కాదు.

మొదట కట్టిన మోటారు పొగలు కక్కింది. రెండోది వెనక్కి తిరిగింది. మూడోది దీపావళికి ముందు, తిన్నగా, పిల్లి గురక పెట్టినట్టు తిరిగింది.

కామెర్లు తగ్గాయి. జెబా బడికి పోనంది.

"బళ్ళో జవాబు ముందు చెప్పి ప్రశ్న తర్వాత అడుగుతారమ్మీ" అంది తల్లితో. "ఇక్కడ మోటారు ముందు కాలిద్ది. ఎందుకు కాలిందో నేనే ఎతుక్కోవాల. పద్నాలుగు నిండితే ఓపెన్లో టెన్త్ రాయొచ్చంట. నేనే చదువుకుని రాస్తా. నన్నిట్టా వదిలెయ్."

తల్లి మెహ్జబీన్ ఔననలేదు, కాదనలేదు. తండ్రి మోయిన్ పిడుగురాళ్ళ నుంచి సున్నం లారీ తోలతాడు. పదిహేను రోజులకోసారి వచ్చి, రెండు రోజులు నిద్రపోయి వెళతాడు. ఆయన ఏమంటాడనేది ఎవరూ అడగలేదు.

అప్పట్నుంచి జెబా కడుతోంది. ఖాదర్ వలి స్విచ్ వేస్తున్నాడు.

ఈ స్విచ్ సంగతి కాస్త చెప్పుకోవాలి. నరసరావుపేటలో ఖాదర్ వలికి పని నేర్పిన ఉస్తాదు పెట్టిన కట్టుబాటది. కట్టిన మోటారుని కొట్టు ముందు నీళ్ళ తొట్టిలో పెట్టి, రైతు ఎదురుగా మొదటిసారి కరెంటు ఇస్తారు. ఆ స్విచ్ మోటారు కట్టినవాడే వెయ్యాలి. కాలితే వాడి ముందే కాలాలి, తిరిగితే వాడి ముందే తిరగాలి. స్విచ్ వేసినవాడి పేరే ఆ మోటారుకి. రైతులు ఆ చేతిని చూసి, "ఇది ఫలానా వాడి కట్టు" అని చెప్పుకుంటారు. యాభై ఏళ్ళుగా ఆ కొట్లో ఇది తప్పలేదు. దీపావళి నుంచీ తప్పుతోంది. జెబా పరదా వెనక్కి పోయేది, దాదా స్విచ్ వేసేవాడు. మోటారు తిరిగేది. "వలీ మావా చెయ్యి మళ్ళీ వయసులో పడిందిరోయ్" అనేవాళ్ళు. మొసలి పుట్టింది అప్పుడే.

ఏప్రిల్లో మెహ్జబీన్ ఒక దరఖాస్తు కాయితం తెచ్చి మామగారి ముందు పెట్టింది. నరసరావుపేట దగ్గర ఆడపిల్లల హాస్టలు బడి. జూన్ పన్నెండున తెరుస్తారు.

"మళ్ళీ తొమ్మిదిలో వేస్తన్నా మామా."

"అదేందమ్మా! పిల్ల చేతిలో పని చూస్తన్నావు గదా. పేట మొత్తం మీద అట్టా కట్టేవాడు లేడు."

"పని రాదని నేనన్నానా? వచ్చని ఎవురికి తెలుసు?"

ఆమె గొంతు పెంచలేదు. పరదా వెనక మగ్గం కర్రలకి బిగించిన పెళ్ళి జాకెట్టు ముక్క మీద సగం కుట్టిన నెమలి ఉంది. "ఈ నెమలి నేను కుట్టా. రేపు పేటలో షాపువాడు దీన్ని తన బొమ్మకి తొడిగి నిలబెడతాడు. అందరూ వాడి పనితనం అంటారు. పద్నాలుగేళ్ళ నుంచి కుడతన్నా. నన్నెవురన్నా మగ్గం పనామె అన్నారా? మోయిన్ పెళ్ళాం అంటారు. నేనూ ఎవురి దగ్గరా నేర్చుకోలా మామా. నాకూ ఏ కాయితం లేదు. దీన్ని నాలాగ చెయ్యను."

ఖాదర్ వలి నవ్వించబోయాడు. ఆమె నవ్వలేదు.

"ఒక్క మాట. బళ్ళు తెరిచే లోపల బయటోడు ఒక్కడు, ఒకే ఒక్కడు, 'ఇది జెబా కట్టాల' అని మోటారు తెచ్చి ఇయ్యమనండి. ఈ కాయితం నేనే పొయ్యిలో పెడతా. దాన్ని దానిష్టానికి వదిలేస్తా. మళ్ళీ నోరెత్తను."

"అంతేనా!" అన్నాడు ఖాదర్ వలి. "ఒక్కడు కాదు, రైలు నిండా తెస్తా."

పరదా అంచున నిలబడి జెబా అంతా వింది. దాదా రైలు అనేసరికి తల దించుకుంది.

మే నెల మధ్యలో వీరయ్య మోటారు వచ్చింది. వీరయ్యకి పన్నెండెకరాల బత్తాయి తోట. ఊళ్ళో పెద్దమనిషి. ఓటు ఎటు వెయ్యాలో, బోరు ఎక్కడ వెయ్యాలో ఆయన్ని అడిగి వేసేవాళ్ళు చాలామంది. చెట్లు పిందె మీదున్నాయి. నాలుగు రోజులు నీళ్ళు లేకపోతే పిందె రాలిపోతుంది.

"రెండ్రోజుల్లో కావాల మావా" అన్నాడు.

"రెండ్రోజులెందుకు అల్లుడూ, నువ్వు బండి తిప్పుకునే లోపల…"

"రెండ్రోజులు చాల్లే" అని వీరయ్య నవ్వి వెళ్ళిపోయాడు.

జెబా ఆ రెండు రోజులూ లేవలేదు. మోకాళ్ళ మధ్య మోటారు, మెడలో తీగచుట్ట. లోపలికి దూర్చేటప్పుడు ఊపిరి బిగబట్టేది, బయటికి లాగాక వదిలేది. ఖాదర్ వలి ఎదురుగా కూర్చుని చూశాడు. ఉస్తాదు చేతులు అంత నిదానంగా ఉండేవి కావు. తనవి అసలే ఉండేవి కావు. ఈ మాట ఆయనకి ఆయనే ఒప్పుకోవడం మాత్రం మామూలు విషయం కాదు.

"ఈ తడవ స్విచ్ నువ్వెయ్యాల" అన్నాడు. "వీరయ్య ముందు చెప్తా. వీరయ్య ఔనంటే పది ఊళ్ళు ఔనంటాయి. మీ అమ్మ కాయితం పొయ్యిలోకే."

జెబా చేతిలో పని ఆపింది. "నిజంగానా?"

"అల్లా మీద ఒట్టు."

"ఒట్టొద్దు దాదా. నవ్వకుండా చెప్పు. చాలు."

మూడో రోజు పొద్దున్నే వీరయ్య ట్రాక్టరు వేసుకుని వచ్చాడు. వెంట తోట చూసుకునే యల్లమంద, ఇంకో నలుగురు. టీ కొట్టు దగ్గరున్నవాళ్ళూ వచ్చి చేరారు. మోటారు తొట్టిలో మునిగి ఉంది. స్టార్టరు పెట్టె పక్కన జెబా నిలబడింది. చేతులు చున్నీకి తుడుచుకుని, మళ్ళీ తుడుచుకుంది. పరదా వెనక మెహ్జబీన్ సూది ఆడటం లేదు.

"అల్లుడూ, ఒక మాట" అన్నాడు ఖాదర్ వలి.

"చెప్పు మావా."

"ఈ మోటారు నేను కట్టలా."

ఆయన గొంతు సవరించుకున్నాడు. "మా జెబా కట్టింది. దీపావళి నుంచీ అన్నీ అదే కడతంది."

అంతవరకూ బాగానే ఉంది. అక్కడ ఆగి, ఒక్క నిమిషం గట్టిగా నిలబడితే ఈ కథ ఇంకో దారిన పోయేది. కానీ యల్లమంద ఉన్నాడే, వాడు ఫక్కున నవ్వాడు.

"మొసలేమన్నా ఇంటికొచ్చి నేర్పిందా తాతా?"

ఇహ చూసుకోండి. ట్రాక్టరు మీదున్నవాడు స్టీరింగు మీద వాలిపోయి నవ్వాడు. టీ కొట్టువాళ్ళు తొడలు కొట్టుకున్నారు. ఆ నవ్వు ఖాదర్ వలికి తెలిసిన నవ్వు. చిన్నప్పటి నుంచి దాని వాసన పడితే ఆయన కాళ్ళు నేల మీద నిలిచేవి కావు. పెదాలు బిగబట్టాడు. అవి ఆగలేదు.

"మొసలి కాదురా యల్లమందా, మొసలి పెళ్ళాం. మొగుడికంటే పనిమంతురాలు."

మళ్ళీ నవ్వు. ఈసారి రోడ్డవతల సైకిలు కొట్టువాడు కూడా లేచి వచ్చాడు.

"ఎట్టా కట్టిందనుకున్నారు! కళ్ళకి గంతలు. ఒక చేత్తో గోంగూర నూరతంది, రెండో చేత్తో తీగ దూరుస్తంది. మజ్జలో నిద్రపోయింది, అయినా చెయ్యి ఆగలా. గురకకో చుట్టు, గురకకో చుట్టు. పొద్దున లేచి చూస్తే తీగ మిగిలింది. ఏం చెయ్యాలో తెలవక మా ఇంటి కోడిని కూడా కట్టింది. అది ఇయ్యాల గుడ్డు పెడితే గుడ్డులో లైటు ఎలుగుతంది!"

వీరయ్య కూడా నవ్వాడు. నవ్వుతూనే ఒకసారి పిల్ల వైపు, ఒకసారి ముసలాయన వైపు చూశాడు. నవ్వు సద్దుమణిగేదాకా ఆగి అడిగాడు.

"అది సరే మావా. ఇంతకీ స్విచ్ ఎవురేస్తారు?"

జెబా చెయ్యి చున్నీలోంచి బయటికి వచ్చింది.

ఖాదర్ వలి ఇంకా ఆ నవ్వుల మధ్యే ఉన్నాడు. దిగి రావడానికి ఆయనకి ఒక్క క్షణం పట్టేది. ఆ క్షణం లోపలే నోరు అనేసింది: "మొసలి మెచ్చిన చెయ్యి ఉండగా ఇంకెవురేస్తారు అల్లుడూ!"

స్విచ్ వేశాడు. చెయ్యి వణికినా స్విచ్ వెయ్యడానికి అడ్డమేముంది. మోటారు తిరిగింది. తొట్టిలో నీళ్ళు మీదికి లేచి ముందు వరసవాళ్ళ పంచలు తడిపాయి. అందరూ ఓహో అన్నారు. జెబా మీటరు పెట్టి చూసి, "మూడు ఫేజులూ సమంగా ఉన్నాయి" అంది. ఆ గోలలో ఎవరికీ వినపడలేదు. మీటరు బల్ల మీద పెట్టి, పరదా తప్పించుకుని లోపలికి పోయింది.

మధ్యాహ్నం మెహ్జబీన్ అన్నం పెట్టింది. ఖాదర్ వలి చెంచాతో తింటాడు. చెంచా కంచానికి తగిలి టకటకమంటోంది.

"ఈ పందెంలో నేనే ఓడిపోవాలని రోజూ నమాజులో అడిగా మామా" అంది ఆమె.

జెబా మామూలుగానే ఉంది. "పచ్చడి వేసుకో దాదా" అంది. అలిగితే బతిమాలొచ్చు. అరిస్తే తిట్టించుకోవచ్చు. మామూలుగా ఉన్న పిల్లని ఏం చెయ్యాలో ఆయనకి తోచలేదు.

మర్నాడు ఆటో ఎక్కి వీరయ్య తోటకి పోయాడు. బోరు దగ్గర తూములోంచి నీళ్ళు తెల్లగా పడుతున్నాయి. వీరయ్య గట్టు మీద కూర్చుని ఉన్నాడు.

"కూర్చో మావా. భలే తిరుగుతంది నీ మనవరాలి మోటారు."

"ఏందీ?"

"పిల్ల కట్టిన మోటారు బాగా తిరుగుతందంటన్నా."

"నీకు తెలుసా?"

"నీ చేతిలో టీ గ్లాసు నిలవదు. చానా రోజుల్నుంచి చూస్తన్నా. నీ కట్టు నాకు తెలవదా? నువ్వు తీగ బిగలాగుతావు. ఇది ఒదులుగా, ఒకే తీరుగా ఉంటది. కొట్టులోకి పోతే ఆ పిల్ల వేళ్ళనిండా కోతలు. ఎవురు కడతన్నారో తెలుసుకోటానికి కలెక్టరు రావాలా? యల్లమందకీ తెలుసు."

"మరి నవ్వారేందిరా!"

"నువ్వు నవ్వించావు, నవ్వాం." వీరయ్య తుండుతో మెడ తుడుచుకున్నాడు. "వాడు వాగినప్పుడు నువ్వు గట్టిగా ఒక్క కసురు కసురుతావనుకున్నా. కసరలా. పోనీలే, దారి చూపిద్దామని స్విచ్ ఎవురేస్తారని అడిగా. పిల్ల చెయ్యి ఎత్తింది గూడా. నువ్వేసుకున్నావు. నీ కొట్టు, నీ మనవరాలు. నువ్వే వద్దనుకుంటే నేనెవుర్ని మావా?"

నీళ్ళు పడుతూనే ఉన్నాయి. ఖాదర్ వలి ఆ నీళ్ళ వైపు చూస్తూ కోడలు పెట్టిన షరతు చెప్పాడు. ఈసారి రైలూ మొసలీ ఏమీ కలపలేదు. అంతా విని వీరయ్య లేచి బండి తీశాడు.

"ఇంకా గడువుంది గదా. ఎక్కు."

కొట్టు ముందు దిగి, పరదా దగ్గరగా వెళ్ళి వీరయ్య గట్టిగానే అన్నాడు. "అమ్మా మెహ్జబీన్, నా రెండో బోరు మోటారు మొరాయిస్తంది. రేపు పంపిస్తా. జెబానే కట్టాల. ఊళ్ళో అందరికీ నేనే చెప్తా."

మెహ్జబీన్ పరదా తీసింది. ఆమె కళ్ళలో ఒక వెలుగు లాంటిది వచ్చిన మాట నిజం. కూతురి వైపు చూసింది.

జెబా నేల మీద కూర్చుని పాత తీగలు చుట్ట చుడుతోంది. తల ఎత్తలేదు.

"కట్టను మామయ్యా."

"అదేందే!" అన్నాడు ఖాదర్ వలి.

"దాదా వచ్చి అడిగితే వచ్చావు గదా?" అని వీరయ్యనే అడిగింది.

వీరయ్య అబద్ధం చెప్పలేకపోయాడు.

"నిన్న నువ్వు నా మొహం చూసి అడిగుంటే కట్టేదాన్ని" అంది జెబా. "ఇక్కడ నాకు పని వచ్చని చెప్పటానికి ఎప్పుడూ ఇంకొకళ్ళు కావాల. దాదా చెప్పాల, దాదా చెప్తే నువ్వు నమ్మాల, నువ్వు నమ్మితే అమ్మీ వదలాల. నిన్న మీటరు చూసి చెప్పా, ఒక్కళ్ళూ ఇన్లా. బళ్ళో కొత్తగా నేర్చుకునేది ఏమీ ఉండదని నాకు తెలుసు. అయినా పోతా. అక్కడ రాసిన కాయితం మీద నా నంబరన్నా ఉంటది. దాదా వచ్చి దాని మీద సంతకం పెట్టడు."

"ఏమే, మీ అమ్మ ఒప్పుకున్నా పోతావా?"

"పోతా."

వీరయ్య చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు. దరఖాస్తు కాయితం జెబానే నింపుకుంది. తల్లి పేరు దగ్గర మెహ్జబీన్ అని రాసి, వృత్తి అన్న చోట 'మగ్గం పని' అని రాసింది. అది చూసి మెహ్జబీన్ ఏడ్చింది. ఓడినందుకో, గెలిచినందుకో ఆమెకే తెలియదు.

జూన్ పన్నెండున మోయిన్ లారీ మీద ఉన్నాడు, మెహ్జబీన్‌కి పెళ్ళి జాకెట్లు ఇచ్చే గడువు. పిల్లని హాస్టల్లో చేర్చడానికి ఖాదర్ వలే వెళ్ళాడు. బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఆయన మనసులో ఒక మాట తయారు చేసుకున్నాడు. చిన్న మాట. దానికి తోకలు లేవు. అడిగినప్పుడు చెప్పాలి, నవ్వకూడదు. నకరికల్లు దాటేదాకా పెదాలు కదుపుతూనే ఉన్నాడు.

ఆఫీసులో గుమాస్తా కాయితాలు తిరగేశాడు. ఎనిమిది పాసైన సర్టిఫికెట్టు, ఆధార్, ఫోటోలు.

"తొమ్మిది మధ్యలో మానేసినట్టుంది. ఏడాది పోయింది. ఏం చేసిందీ ఏడాది?"

ఖాదర్ వలి లేచి నిలబడ్డాడు. నమాజు వరసలో నిలబడ్డట్టు నిలబడ్డాడు.

"మోటార్లు కట్టింది సార్. బోరు మోటార్లు. ముప్ఫై ఒకటి కట్టింది. తనకి తనే నేర్చుకుంది. నేను నేర్పలా. అన్నీ తిరుగుతన్నాయి."

ఒక్క అక్షరం ఎక్కువ లేదు. ముప్ఫై ఒకటి ముప్ఫై ఒకటే. ఆయన జీవితంలో అంత పొడిగా ఏ మాటా అనలేదు. గుమాస్తా కళ్ళజోడు పైకి నెట్టుకుని ముందు ఆయన్ని, తర్వాత పిల్లని చూశాడు. చేతిలో పెన్ను ఆగింది. ఆ మాట రాసుకోవడానికే ఆగినట్టు కనిపించింది.

"ఏమ్మా, నిజమేనా?"

జెబా నవ్వింది. చక్కటి, ముచ్చటైన నవ్వు.

"మా దాదాకి కథలు చెప్పటం అలవాటు సార్. మొసలి కథ కూడా చెప్తాడు, అడగండి. నాకు కామెర్లొచ్చినాయి. ఇంట్లో ఖాళీగా ఉన్నా."

గుమాస్తా హాయిగా నవ్వాడు. "ముప్ఫై ఒకటంట! అంకె కూడా ఎట్టా చెప్పాడో చూడు" అని పక్క బల్లవాడితో అన్నాడు. వాడూ నవ్వాడు. కాయితం మీద 'అనారోగ్యం' అని రాసి, కింద గీత గీసి, మొహరు వేశాడు.

ఖాదర్ వలి ఇంకా నిలబడే ఉన్నాడు. పిల్ల గొంతులో తడబాటు లేదు, కన్ను చెదరలేదు, ఎదుటివాడు నవ్వేదాకా ఆగి అప్పుడు తానూ నవ్వింది. ఆ విద్య కూడా ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. కొట్లో ఓ మూలన కూర్చుని, చూసి, తనకి తనే నేర్చుకుంది.